గొంతు పెగలని కో-పైలట్

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తెల్లవారుజామున నేను జూనియర్ ఆర్టిస్టుల వ్యానెక్కి స్టూడియోకి వెళ్లిపోయాను. నన్ను ఎవరూ ఎత్తుకుపోలేదు. ఎక్కమన్నారు, ఎక్కాను.

తొంభైల నడిమి సంగతి ఇది. ఫిల్మ్ నగర్‌లో మా సందు మొదట్లో నిలబడి ఎయిర్‌లైన్ కారు కోసం ఎదురు చూస్తున్నాను. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, భుజాల మీద బంగారు చారలు, చంకలో టోపీ. పాల ప్యాకెట్ల సైకిలు తప్ప రోడ్డు మీద ఏమీ లేదు. ఒక వ్యాను వచ్చి ఆగింది. ప్రొడక్షన్ మేనేజరు తల బయట పెట్టి, ఇంకా ఇక్కడే నిలబడ్డావేంటమ్మా, అక్కడ డైరెక్టరు గారు చిందులు తొక్కుతున్నారు, ఎక్కు ఎక్కు అన్నాడు. నేను పైలట్‌నండీ అందామని నోరు తెరిచాను. అంత ధీమాగా చెబుతున్న మనిషిని కాదనడం బాగుండదనిపించింది. తలుపు తీసి పట్టుకున్నాడు కూడాను.

లోపల నలుగురు పోలీసులు, ఒక నర్సు, నల్లకోటు లాయరు ఉన్నారు. నర్సు జరిగి చోటిచ్చింది. ఏ సీను అని లాయరు అడిగితే తెలీదండీ అన్నాను, అది నిజమే కదా. స్టూడియో గేటు దాటాక గానీ నాకు గొంతు పెగల్లేదు. అదైనా ఎలా? బస్సులో కండక్టరును అడిగినట్టు, "నేను బేగంపేటలో దిగాలండీ" అన్నాను. మేనేజరు నా మొహం చూసి, భుజాల చారలు చూసి, అవి మా కాస్ట్యూమ్స్ వాళ్లు కుట్టినవి కావని గుర్తుపట్టి తలపట్టుకున్నాడు. ఆటోలో ఎయిర్‌పోర్టుకి చేరేసరికి ఆలస్యమైంది. కెప్టెన్ కారణం అడిగితే ట్రాఫిక్ అన్నాను. కోడి ఇంకా కూయని వేళ, ట్రాఫిక్.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఎయిర్‌లైన్‌లో నేను పడ్డ పాట్లన్నిటికీ మగవాళ్లే కారణమని చెప్పుకునే అదృష్టం నాకు లేదు. చాలావాటికి వాళ్లే కారణం. మిగిలినవి నా స్వార్జితం.

మా అమ్మ డబ్బింగ్ ఆర్టిస్టు. మద్రాసులో ఉన్నప్పుడు మొదలుపెట్టింది. పరిశ్రమతో పాటు ఎనభైల చివర్లో మేమూ హైదరాబాదు వచ్చేశాం. భాష రాని హీరోయిన్లు కెమెరా ముందు అంకెలు లెక్కపెట్టుకుంటూ పెదవులు కదిలిస్తే, ఆ పెదవులకి అమ్మ తెలుగు అతికేది. ఏడుపైనా, సవాలైనా, ప్రేమలేఖైనా గొంతు అమ్మదే. నాన్నది బ్యాంకు ఉద్యోగం. ఇంట్లో మాట్లాడే పని అమ్మది, వినే పని మా ఇద్దరిది.

బడి అయిపోగానే నన్ను డబ్బింగ్ థియేటర్‌కి తీసుకెళ్లి మూల కుర్చీలో కూర్చోబెట్టేది. తలుపు మీద ఎర్ర దీపం వెలిగిందంటే చప్పుడు చేయకూడదు. తుమ్ము వస్తే ముక్కు నలుపుకుని మింగేయాలి. ఆ విద్యలో నాకు సాటి లేరు. రెండో విద్య, తెర మీద పెదవులు చూస్తూ చప్పుడు లేకుండా నా పెదవులూ కదపడం. ఎన్నో ఏళ్లు అలా ఎవరెవరి మాటలో నోట్లోనే పలికాను. నా మాట ఒకటి పలకాల్సి వస్తుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు. అనుకుని ఉంటే ట్యూషన్ పెట్టించేవాళ్లు.

విమానాల పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే, జూబ్లీహిల్స్ బండరాళ్ల మీద. అప్పటికింకా ఇళ్లకన్నా రాళ్లే ఎక్కువ. సాయంత్రం వాటి మీద కూర్చుంటే బేగంపేటలో దిగే విమానాలు కనిపించేవి. పైలట్‌నవుతానంటే నాన్న చాలాసేపు ఆలోచించి, దాంతో పాటు క్లర్కు పరీక్ష కూడా రాయమన్నాడు. అమ్మ మాత్రం, మీ పైలట్లు ఎక్కువ మాట్లాడాలా అని అడిగింది. అక్కర్లేదనుకుంటానన్నాను.

ప్రైవేటు విమానాలు మొదలైన రోజులు కావడంతో లైసెన్సు చేతికి రాగానే ఉద్యోగం దొరికింది. పైలట్లలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. పైలట్ల గదికి ఉన్నది ఒకే బాత్రూము. నా కోసమని తలుపుకి ఒక అట్టముక్క వేలాడదీశారు. నేను లోపలికి వెళ్తూ దాన్ని తిప్పాలి, వస్తూ మళ్లీ తిప్పాలి. నేను ఎప్పుడు వెళ్లిందీ, ఎంతసేపు ఉన్నదీ ఆఫీసు మొత్తానికి ప్రకటన వెలువడేది. యూనిఫాం కుట్టిన దర్జీ మగవాళ్ల కొలత తప్ప ఎరగడు. భుజాల చారలు మోచేతుల దిశగా ప్రయాణం చేస్తుండేవి. తోటివాళ్లు మర్యాదస్తులే. నాకు పెళ్లై ఉద్యోగం ఎప్పుడు మానేస్తానో నా ఎదుటే చర్చించుకునేవాళ్లు, నేను కూడా ఆసక్తిగా వినేదాన్ని.

నాకు శిక్షణ ఇచ్చే కెప్టెన్ ఎయిర్‌ఫోర్సులో చేసి వచ్చిన మనిషి. పుట్టి పెరిగింది హైదరాబాదే. నలుగురిలో ఇంగ్లీషు, కాక్‌పిట్‌లో మేమిద్దరమే ఉన్నప్పుడు ఇంటి భాష. మొదటి వారంలోనే ఆయన దగ్గర నా పరువు పోయింది. బయల్దేరే ముందు ఆయన ఒక్కొక్క మీటా చూసుకుంటూ పైకి చదువుతున్నారు. నేను అలవాటు కొద్దీ ఆయన పెదవులు చూస్తూ, ఆయనతో పాటే పెదవులు కదుపుతున్నాను. ఆయన ఆగారు. నేనూ ఆగాను. మళ్లీ మొదలెట్టారు. నేనూ మొదలెట్టాను.

"ఏందమ్మా, నన్ను ఎక్కిరిస్తున్నవా?" అన్నారు.

లేదు సార్, మా అమ్మ డబ్బింగ్ చెబుతుంది సార్ అన్నాను. ఇప్పటికీ ఆ జవాబు తలుచుకుంటే దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. కొత్త కో-పైలట్ ఇలాంటి కెప్టెన్ పక్కన కొన్ని నెలలు ఎగరాలి. ఆయన తృప్తిపడి సరే అంటేనే మిగతా కెప్టెన్లతో పంపుతారు. దాన్ని రిలీజ్ అంటారు. ఫిల్మ్ నగర్‌లో నా ఉద్యోగం గురించి ఎవరికీ ఏమీ అర్థం కాకపోయినా ఈ ఒక్క మాట బాగా అర్థమైంది. రిలీజ్ ఎప్పుడమ్మా అని అమ్మని అడిగేవాళ్లు. వాయిదా పడిందండీ అని అమ్మ చెబితే, సొంత సినిమా డబ్బాల్లో మగ్గుతున్నంత సానుభూతిగా తలాడించేవాళ్లు.

ఒకసారి కాదు, రెండుసార్లు వాయిదా పడింది. రెండోసారి నేనే సాహసం చేసి కారణం అడిగాను.

"నడుపుడు మంచిగనే ఉంది. గాలి కొట్టినా తట్టుకుంటున్నవ్. గని నేను తప్పు జేస్తే నువ్వు చెప్తవా?"

"మీరు తప్పు చేయరు కదండీ," అన్నాను.

"గిందుకే రిలీజ్ ఇయ్యను," అన్నారు ఆయన.

నేను దాన్ని మగ అహంకారం ఖాతాలో వేసి రెండు రోజులు హాయిగా తిట్టుకున్నాను. మూడో రోజు ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఈసారి కూడా కాదంటే విమానం ఎక్కించరు, సరుకుల విభాగంలో కూర్చోబెడతారు. బండరాళ్ల మీద కూర్చుని పైకి చూసిన దాన్ని అట్టపెట్టెల మధ్య కూర్చుని పైకి చూడాలి. ఆ రాత్రి అన్నం సహించలేదు. అమ్మ అడిగితే అంతా చెప్పేశాను.

మర్నాడు నన్ను డబ్బింగ్ థియేటర్‌కి తీసుకెళ్లింది. అందరూ భోజనాలకి వెళ్లిన సమయంలో సౌండ్ ఇంజనీరుని బతిమాలి మైకు ముందు నిలబెట్టింది. తెర మీద కోర్టు సీను. హీరోయిన్ బోనులో నిలబడి విలన్ వైపు వేలు చూపించి ఏదో అంటోంది. ఏం అందో నాకు అనవసరం. ఆమె నోరు తెరిచినప్పుడు నేను గో అరౌండ్ అనాలి. విమానం దిగే తీరు సరిగ్గా లేనప్పుడు, దిగడం మానేసి మళ్లీ పైకి లేపెయ్యమని చెప్పే మాట అది. కెప్టెన్ నడుపుతుంటే పక్కవాళ్లు అనాలి. అన్నారంటే నడిపేవాళ్లు మారుమాట్లాడకుండా లేపాలి.

నేను అన్నాను. అద్దం అవతలి నుంచి ఇంజనీరు, "అమ్మాయ్, కొంచెం దగ్గరకి రా, ఊపిరి తప్ప ఏం వినపడట్లేదు," అన్నాడు. దగ్గరకెళ్లి మళ్లీ అన్నాను. ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్ సరిచేసుకుని, ఇప్పుడు ఊపిరి కూడా పోయిందన్నాడు. గట్టిగా అరిచాను. అద్దం అవతల ఆయన నవ్వాపుకోలేక కుర్చీ తిప్పుకోవడం కనిపించింది.

అమ్మ నవ్వలేదు. "నువ్వు చెప్పట్లేదే, అడుగుతున్నావు. వీలైతే పైకి లేపుతారాండీ అన్నట్టుంది. గొంతు పెంచకు, కిందికి దించు. పొట్టలోంచి రావాలి," అంది. మళ్లీ చేశాం, మళ్లీ చేశాం. చివరికి రీలు ఆపించి అమ్మ నా పక్కన కూర్చుంది.

"తప్పు నాదేలే. చిన్నప్పట్నించీ ఎవరో నోరు తెరిస్తే దాంట్లో మాట పెట్టడమే నీకు చూపించాను. అక్కడ ఆయన నోరు తెరవడు. తెరిచేదాకా నువ్వు చూస్తూ కూర్చుంటే సీను అయిపోతుంది."

ఆ మాట తలకెక్కింది కానీ గొంతులోకి దిగలేదు. సాధన కోసమని మర్నాడు శ్రీనగర్ కాలనీలో ఆటో ఆపి, మీటరు మీదే రావాలని పొట్టలోంచి చెప్పాను. రానన్నాడు. సరేనండీ అని నడిచి వచ్చాను.

మూడో పరీక్ష మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చే మధ్యాహ్నపు విమానంలో పడింది. వేసవి చివరి రోజులు. ఆ విమానంలో సగం మంది సినిమావాళ్లే ఉండేవాళ్లు. ముందు వరసలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే నిర్మాత కూర్చున్నారు. మెడలో లాకెట్టు కళ్లకద్దుకుని, బెల్టు కళ్లకద్దుకుని పెట్టుకునే మనిషి. ఆ రోజు నడుపుతున్నది కెప్టెన్. రేడియోలో మాట్లాడటం, మీటర్లు చూడటం, తప్పు కనిపిస్తే చెప్పడం నా పని.

హైదరాబాదు దగ్గరికి వచ్చేసరికి దుమ్ము లేచింది. వెనకనుంచి గాలి తోస్తోంది. బేగంపేట దగ్గర పడేకొద్దీ మేము ఉండాల్సిన దానికన్నా ఎత్తులో ఉన్నాం, పోవాల్సిన దానికన్నా వేగంగా పోతున్నాం. కెప్టెన్ సర్దుతున్నారు, సర్దుకుంటుందనే నేనూ అనుకున్నాను. సర్దుకోలేదు. "స్పీడు ఎక్కువుందండీ," అన్నాను. ఆయనతో కాదు, నా టైతో. వినపడే అవకాశమే లేదు.

అప్పుడు చేశాను నా పాత పని. ఆయన పెదవుల వైపు చూశాను. ఆయన అంటారు, ఆయనకు తెలుసు, ఆయన అనబోతుండగా నేనూ అనొచ్చు. కింద డాబాల మీద ఆరేసిన బట్టలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఎవరి డాబా మీదో నీలం దుప్పటి ఎగిరెగిరి పడుతోంది. ఆయన పెదవులు బిగుసుకుని ఉన్నాయి. అవి విడిపోయేలా లేవు. ఈయన తప్పు చేస్తున్నాడు, ఈయనకి తెలియట్లేదు అన్న సంగతి నాకు అప్పుడు బుర్రకెక్కింది. చెప్పలేనంత భయమేసింది. విమానానికి భయపడ్డానా, ఆయనకి భయపడ్డానా అంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆయనకే.

"గో అరౌండ్," అన్నాను.

ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు ఆ గొంతు. అరుపు కాదు. కోర్టు బోనులో వేలు చూపించే గొంతు. తలుపు పల్చన కాబట్టి ముందు వరసదాకా వినపడిందట. కెప్టెన్ నా వైపు చూడలేదు. ఎందుకని అడగలేదు. చేతి కింది పిడిని ముందుకు తోశారు, ఇంజన్లు హోరెత్తాయి, ముక్కు పైకి లేచింది, నీలం దుప్పటి కిందికి వెళ్లిపోయింది.

కాస్త ఎత్తుకి చేరాక ఆయన మైకు వైపు గడ్డం చూపించారు. "చెప్పు వాళ్లకు."

మైకు తీసుకుని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చెప్పాను. గాలి అనుకూలంగా లేదు, ఒక చుట్టు తిరిగి వచ్చి దిగుతున్నాం, కంగారు పడకండి అని. కాక్‌పిట్ నుంచి ఆడగొంతు విని కంగారు పడనివాళ్లు కూడా పడ్డారని ఎయిర్‌హోస్టెస్ తర్వాత చెప్పింది. రెండోసారి కెప్టెన్ పువ్వులా దించారు.

దిగేటప్పుడు తలుపు దగ్గర నిర్మాతగారు కెప్టెన్ రెండు చేతులూ పట్టుకున్నారు. "ఆడపిల్ల చేతికిచ్చినా సమయానికి మీరు లాక్కున్నారు సార్, మా ప్రాణాలు నిలబెట్టారు," అన్నారు. కెప్టెన్ ఏదో చెప్పబోయారు, ఆయన వినిపించుకునే స్థితిలో లేరు. నా భుజం తట్టి, పర్లేదులే అమ్మాయ్, అలవాటవుతుంది అన్నారు. నేను నవ్వాను. అంతకుముందే నా గొంతు తనకున్న సరుకంతా వాడేసుకుంది.

జనం దిగిపోయాక కాక్‌పిట్‌లో కెప్టెన్ కదలకుండా కూర్చున్నారు. నాకు ఒళ్లు మండుతోంది. నన్ను పరీక్షించడానికి ఇంతమందిని కూర్చోబెట్టుకుని ఈ నాటకం ఆడాలా?

"కావాలనే చేశారా సార్?" అన్నాను.

"లేదమ్మా. నిజంగనే తప్పిన. రన్‌వే గంత దగ్గరికొచ్చిందని చూస్కోలే. నువ్వు అనకపోతే గట్లనే దింపుతుంటి."

విమానానికి నేను భయపడింది అప్పుడు. పైన కాదు, కింద, ఆగి ఉన్న విమానంలో. పరీక్ష అయితే, నేను నోరు మూసుకుని ఉన్నా ఆయన ఆఖరి క్షణంలో లేపేసేవారు, నేను అట్టపెట్టెల దగ్గరికి పోయేదాన్ని, అంతే. పరీక్ష కాదు. ఇన్నాళ్లూ మంచితనమనుకుని నేను మురిసిపోయిన నా మౌనం, వెనక కూర్చున్న అంతమంది ప్రాణాల మీదికి తెచ్చేదని తెలిసింది. ఆయన టోపీ తీసుకుని లేస్తూ, "ఇగ నీ పక్కన నేను అక్కర్లే. రేపటిసంది ఎవరితోనన్న పో," అన్నారు.

అలా నా రిలీజ్ అయింది. కానీ ఫిల్మ్ నగర్‌లో ఆడింది వేరే కథ. నిర్మాతగారు సెట్టు సెట్టుకీ మోసుకెళ్లారు. విమానం నేను నడుపుతున్నానట, దించలేక చేతులెత్తేశానట, కెప్టెన్ లాక్కున్నారట. వారం తిరిగేసరికి ఒక చోట నేను ఏడ్చాను, ఇంకోచోట సొమ్మసిల్లాను. ఎవరో కథారచయిత పిడుగు కూడా చేర్చాడు. సినిమావాళ్ల చేతిలో పడ్డాక కథ ఉన్నచోట ఉండదు కదా.

థియేటర్‌లో అమ్మని కూడా ఓదార్చారట. ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టినంత పని చేసింది. వెళ్లి నిర్మాతగారి మొహం మీదే జరిగింది చెప్పి రమ్మంది. వెళ్లనన్నాను. నేను చెబితే కెప్టెన్ తప్పాడని చెప్పాలి. ఆయన ఆ మాట నన్ను నమ్మి నాతో అన్నారు, అనాల్సిన అవసరం లేకపోయినా అన్నారు. అమ్మ నా మొహంలోకి చూసి, భయమా అని అడిగింది. కాదన్నాను. మొదటిసారి అది నిజం. నోరు మూసుకోవడంలో నాది చాలా ఏళ్ల అనుభవం, కానీ ఇది వేరే రకమని నాకే తెలుస్తోంది. అలాగని మండకుండా ఉంటుందా? మండింది. కూరగాయల బండి దగ్గర కూడా జనం నా చేతులకేసి చూస్తుంటే ఇంకా మండింది.

కొన్ని నెలలకి నిర్మాతగారు మళ్లీ మా విమానం ఎక్కారు. ఈసారి విశాఖ, అక్కడ ఆయన సినిమా అవుట్‌డోర్. ఆ రోజు పక్కన ఇంకో కెప్టెన్. వెళ్లేటప్పుడు నన్ను నడపమన్నారు. నేను కాక్‌పిట్ తలుపు దగ్గర నిలబడి ఉండగా నిర్మాతగారు లోపలికి వచ్చి నన్ను చూశారు. లాకెట్టు మీదికి చెయ్యి పోయింది. వెనక ఎక్కుతున్న వాళ్లంతా వినేలా, "ఇవాళ నడిపేది కెప్టెన్ గారేగా అమ్మాయ్?" అన్నారు.

"లేదండీ, నేనే," అన్నాను. "దిగాలనుకుంటే దిగండి, మెట్లు ఇంకా తీయలేదు."

కసురుకోలేదు, నవ్వలేదు కూడా. ఆయన మెట్ల వైపు చూశారు. అవతల హీరో డేట్లున్నాయి, యూనిట్ అంతా ఎదురు చూస్తోంది. నా వైపు చూశారు. వెనక వాళ్లు సామాన్లతో ఆగిపోయి ఉన్నారు. వెళ్లి తన సీట్లో కూర్చుని, ఏదీ కళ్లకద్దుకోవడం మర్చిపోయి, బెల్టు పెట్టుకున్నారు.